పూజకు ఆగని సర్వర్

శివలీలకు మొండిఘటం అని పేరు పెట్టింది బయటివాళ్ళు కాదు, కన్నతల్లి గిడ్డమ్మే. ఆలూరు అవతల నల్లరేగడి పల్లెలో పుట్టిన ఆ పిల్ల, వద్దన్న పని చేయడంలోనూ, చేయమన్న పనికి ఎందుకని అడగడంలోనూ చిన్నప్పుడే ఆరితేరింది. పత్తి ఏరడానికి రమ్మంటే వచ్చేది, అందరికంటే ముందే సాలు ముగించేది. ఆ తర్వాత మగవాళ్ళ కూలి ఒకటీ, ఆడవాళ్ళ కూలి ఒకటీ ఏమిటని గట్టు మీద నిలబడి రైతునే అడిగేది. రైతు నవ్వేవాడు, గిడ్డమ్మ తల పట్టుకునేది. ఈ పిల్లను ఎవడు చేసుకుంటాడని ఊరంతా బెంగపడింది. ఆ బెంగ ఊరికే గానీ శివలీలకు ఏనాడూ లేదు.

ఆమె ఇంటర్ చదువుతున్నప్పుడు తండ్రి హనుమన్న పాము కాటుకు పోయాడు. కర్మాంతరాలనాడు గోడకు పెట్టడానికి ఫోటో కావలసివచ్చింది. ఇల్లంతా వెదికారు, బంధువుల ఇళ్ళూ వెదికారు. మనిషి బతికినన్నాళ్ళూ ఎవరూ ఆయన్ను ఫోటో తీయలేదని అప్పుడు తెలిసింది. చివరికి ఎవరిదో పెండ్లి ఫోటోలో వెనక వరసలో దొరికాడు. అదీ సగమే. ముందు నిలబడ్డవాడి రుమాలు మిగతా సగం ముఖాన్ని మింగేసింది.

ఆ ఫోటో పట్టుకుని శివలీల కర్నూలు బస్సెక్కింది. స్టూడియోలన్నీ తిరిగి, ఆఖరికి శ్రీవాసవి కలర్ ల్యాబ్ మెట్లెక్కింది. దాని యజమాని రాఘవేంద్రప్రసాద్ శెట్ల ఇంటి మనిషి, మాట మెత్తన, చెయ్యి గట్టి. ఆయన ఫోటోను వెలుగులో పెట్టి చూసి, లేని సగం ఎక్కడినుంచి తేవాలని అడిగాడు. ఉన్న సగాన్నే తిప్పి అతికించమంది శివలీల. ఆయనకు నవ్వొచ్చింది. కంప్యూటర్ అదిగో, నువ్వే కూర్చుని చేసుకో అన్నాడు. ఆయన ఎగతాళికి అన్నాడు, ఈమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మౌస్ పట్టుకోవడం రాని పిల్ల వారం తిరక్కముందే తండ్రి ముఖం పూర్తి చేసింది. హనుమన్నకు కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉండేది, ఫోటోలో రెండు చెంపల మీదా వచ్చింది. గిడ్డమ్మ చాలాసేపు చూసి, ఇట్లా లేడు గానీ ఉండనీలే అంది. ఆ పుట్టుమచ్చల హనుమన్నే గోడకెక్కాడు. శివలీల మాత్రం ఆ ల్యాబ్‌లోనే పనికి కుదిరింది.

పని నేర్చుకోవడం అంటే ఆమెకు పోట్లాటే. ముడతలు తుడవడం, నల్లటివాళ్ళను తెల్లగా చేయడం, వెనక కాశ్మీరు కొండలు పెట్టడం అన్నీ నేర్చింది. నల్లగా ఉన్న పెళ్ళికూతుళ్ళను తెల్లగా చేయమన్నప్పుడల్లా సణుక్కుంటూనే చేసింది. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. రీళ్ళు పోయి పెన్‌డ్రైవులు వచ్చాయి, వాటితో పాటు వైరస్‌లూ వచ్చాయి. రెండువేల ఆరులో ఒక వైరస్ శ్రావణమాసపు పెండ్లి ఫోటోలను మూటగట్టి మింగేసింది. పెండ్లివాళ్ళు ల్యాబ్ మీదికి వచ్చారు. ఫోటోలు లేని పెండ్లిని మళ్ళీ ఎక్కడ చేయాలని ఆ పెళ్ళికూతురి తల్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్న రోజే శివలీల ఇంకొక మొండిపట్టు పట్టింది. ఈ ల్యాబ్‌లో ఇకమీదట ఒక్క ఫోటో కూడా పోకూడదు.

కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ లోంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. మూలన పడేసిన పాత కంప్యూటర్ డబ్బాను ల్యాబ్ ఫోటోలన్నీ దాచే సర్వర్ చేసింది. దాంట్లో ఒకే కొలత డిస్కులు రెండు పెట్టి, రెండింటినీ రైడ్‌గా జత చేసింది. రైడ్ అంటే మరేమీ కాదు, ఒక డిస్కు మీద రాసిందంతా అదే క్షణంలో రెండో డిస్కు మీదా రాయబడుతుంది. ఒకటి చచ్చినా ఇంకొకటి బతికి ఉంటుంది. ఒక్కొక్క డిస్కునూ చేనికి గట్టు వేసినట్లు రెండు భాగాలు చేసింది. ముందు భాగం ఫోటోలకు, వెనక భాగం పెండ్లి వీడియోలు తీసేవాడికి. కొన్నాళ్ళకు ఆ వీడియోల మనిషి డోన్‌లో సొంతంగా అంగడి పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక భాగం బీడుపడింది. ఆ సంగతి శివలీలకు తప్ప ఎవరికీ పట్టలేదు.

రెండువేల తొమ్మిది అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కటై ఊళ్ళోకి వచ్చాయి. కరువు సీమ అని పేరు మోసిన నేల మీద మిద్దెల మీదికెక్కి జనం ప్రాణాలు కాపాడుకున్నారు. నీళ్ళు తీశాక ఎక్కడ చూసినా బురద. శ్రీవాసవి వాళ్ళ కింది అంగడి మునిగింది. సర్వరూ ప్రింటు మిషనూ ఉన్నది రెండో అంతస్తులో కాబట్టి నీళ్ళు వాటిని అందుకోలేకపోయాయి.

కరెంటు వచ్చిన తర్వాత మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి తాపీ పని చేసే ఏసన్న. ఆయన చేతిలో ఒక ఫ్రేము ఉంది. అద్దం కింద ఫోటో ఉండాల్సినచోట ఎండిపోయిన బురద ఉంది. అది ఆయన భార్య సిద్దమ్మ ఫోటో. ఆమె పోయి మూడేండ్లు. ఆ ఫోటో ఇక్కడే తీయించాను, ఏమన్నా మిగిలి ఉంటుందా అని అడిగాడు. శివలీల వెదికింది. ఉంది. తెర మీద సిద్దమ్మ నవ్వగానే ఏసన్న గబగబా చెప్పులు విడిచాడు. ప్రింటు కాగితాలు అయిపోయాయి, హైదరాబాదు రోడ్డు ఇంకా బాగుపడలేదు, దీపావళి తర్వాత రమ్మని పంపింది. ఆయన తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. బీరువాల్లో, ట్రంకు పెట్టెల్లో, గోడల మీదా ఉన్న ముఖాలన్నీ ఏట్లో కలిసిపోయిన ఊళ్ళో, ఆ డబ్బా ఒక్కటే అందరినీ గుర్తు పెట్టుకుంది.

అయితే డబ్బాకు కడుపు నిండింది. కూలిన ఇళ్ళ ఫోటోలు తీసి పరిహారం కోసం ఆఫీసులకు ఇవ్వాలని జనం, పాడైన సరుకుల ఫోటోలు తీయించాలని అంగళ్ళవాళ్ళు, పగలంతా కెమెరాలు నడుస్తూనే ఉన్నాయి. కొత్త ఫోటోలు పెట్టడానికి చోటు లేదు. కొత్త డిస్కులు తెప్పిద్దామంటే లారీలు రావడంలేదు. రాఘవేంద్రప్రసాద్ తేలికగా ఒక దారి చెప్పాడు.

“పాత ఫోల్డర్లు తీసెయ్ శివలీలా. పెండ్లిండ్లు అయిపోయినాయి, ఎవురి ఫోటోలు వాళ్ళు తీస్కపోయినారు. ఇంగ మనకేం పని?”

“తీస్కపోయినవి ఏట్లో పాయెనన్నా. ఇంగ ఉండేది ఈడొక్కచోటే. నేను తీసేయను. చోటే కదా నీకు కావాల్సింది, చోటు చేసిస్తా.”

జీతం ఇచ్చే మనిషికి తీసేయనని చెప్పడం ఆమెకు తప్పుగా తోచలేదు. ఆయనకూ అలవాటైపోయింది. దీపావళి వారంలోపల చేయమని గడువు పెట్టి ఊరుకున్నాడు.

శివలీల మనసులో ఉన్నది ఆ బీడుపడిన వెనక భాగమే. నడుమ గట్టు తీసేస్తే ఫోటోల చేను రెట్టింపవుతుంది. అయితే రెండు డిస్కుల గట్టూ ఒక్కసారి తీయడం కుదరదు. ముందు రెండో డిస్కును జతలోంచి విడదీయాలి. దాని హద్దులు మార్చాలి, మళ్ళీ జత చేయాలి. మొదటి డిస్కులోని ఫోటోలన్నీ దాంట్లోకి ఎక్కేదాకా కాచుకోవాలి. అప్పుడు మొదటిదాన్ని విడదీసి దానికీ అదే చేయాలి. ఆ నడుమ కొంతసేపు ఊళ్ళోవాళ్ళ ముఖాలన్నీ ఒకే ఒక డిస్కు మీద ఉంటాయి. భయమంతా అక్కడే. పండగ ముందురోజు రెండో డిస్కును విడదీసింది. వరద తేమకు అది చెడిందేమోనని అనుమానం వచ్చి, దాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాసి చెరిపి పరీక్షించింది. డిస్కు దిట్టంగా ఉంది, కానీ పూర్తిగా ఖాళీ అయింది. మిగతా పని పండగ మర్నాడు చేద్దామని సర్వర్ ఆపి, డబ్బా మూత కూడా బిగించకుండా ఇంటికి పోయింది.

రాఘవేంద్రప్రసాద్ ఇంటివాళ్ళ దీపావళి లక్ష్మీపూజ సంగతి కూడా చెప్పాలి. సంపాదించిపెట్టే సామాను అంతటినీ ఆ రోజు తుడిచి, పసుపు కుంకుమ పెట్టాలి. సందెవేళ పూజ మొదలయ్యేసరికి అన్నీ ఆగి ఉండాలి. తిరుగుతున్న యంత్రం దగ్గర లక్ష్మి నిలవదని పెద్దాయన రామకోటయ్య నమ్మకం. రామకోటయ్య అంటే రాఘవేంద్రప్రసాద్ తండ్రి. కొడుకు వ్యాపారం చూస్తాడు, పండగలూ మడీ ముహూర్తాలూ ఆయన చూస్తాడు. ఆ ఏడాది అంగడంతా బురద వాసన. ఏ మూలా వదలొద్దని అంగడిలో పనిచేసే దాసన్నకు గట్టిగా చెప్పాడు.

దాసన్న చెప్పిన పనిని భక్తితో చేసే మనిషి. పొద్దున్నే వచ్చి అన్నీ తుడిచాడు. సర్వర్ మూత తెరిచే ఉంది, లోపల దుమ్ము కనబడింది. రెండు డిస్కులనూ తీగలు పీకి బయటికి తీశాడు, మెత్తటి గుడ్డతో తుడిచాడు. వాటి ముఖాన ఒకటి, రెండు అని పెన్నుతో శివలీల రాసుకున్న గుర్తుల మీద నిండుగా పసుపు పూసి, నడుమ కుంకుమ పెట్టాడు. మళ్ళీ లోపల పెట్టి తీగలు తగిలించాడు. తీగలు రెండూ ఎర్రటివే. ఏది దేనిదో ఆయనకేం తెలుస్తుంది?

ఆఫీసువాళ్ళకు ఇవ్వాల్సిన సీడీ ఒకటి మిగిలిపోయిందని మధ్యాహ్నం శివలీల వచ్చి సర్వర్ వేసింది. సీడీ రాసి పంపింది. ఎట్లాగూ వేసింది కదా, ఖాళీ డిస్కు హద్దులు మార్చేసి పెడితే రేపటికి సగం పని అయిపోతుందనుకుంది. డబ్బాలోకి తొంగిచూసింది. పసుపు ముఖాలతో రెండు డిస్కులు కవలపిల్లల్లా కూర్చుని ఉన్నాయి. దాసన్న పని చూసి నవ్వుకుంది. రెండో డిస్కు పేరు కొట్టింది, పాత గట్టు తీసేసింది, మొత్తం ఒకే భాగంగా గీసి, రాయి అని ఆజ్ఞ ఇచ్చింది.

తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఈ డిస్కు ఇప్పుడు వాడకంలో ఉంది, మళ్ళీ వేసేదాకా పాత హద్దులతోనే నడుస్తుంది అని దాని సారాంశం. ఖాళీ డిస్కు వాడకంలో ఎందుకుంటుంది? శివలీల డబ్బాలోకి మళ్ళీ తొంగిచూసింది. తీగలు మారాయి. ఏ తీగకు తగిలిస్తే డిస్కుకు ఆ పేరే వస్తుంది కాబట్టి, తీగలతో పాటు పేర్లూ మారాయి. ఊళ్ళోవాళ్ళ ఫోటోలు ఉన్న డిస్కునే తాను చెరిపి గీసింది.

ఏడుద్దామని కూడా అనిపించింది. ఏడవలేదు. పసుపు మీద కాదు, దాసన్న మీద కాదు, తన మీద తనకు మండిపోయింది. ఒకసారి చూసుకోకుండా పేరును నమ్మింది తానే. ఫోటోలున్న ఫోల్డర్లు తెరిచి చూసింది. అన్నీ తెరుచుకుంటున్నాయి. నడుస్తున్నంతసేపు సర్వర్‌కు పాత హద్దులు గుర్తున్నాయి. ఆపి మళ్ళీ వేస్తే డిస్కు మీద ఉన్న కొత్త గీతలే చూస్తుంది. అప్పుడు పాత జత దానికి కనబడదు. తెలివైనవాళ్ళు ఎవరైనా వచ్చి పాత గీతలు మళ్ళీ గీసి బతికించగలరేమో. తనకు మాత్రం ఆ ధైర్యం లేదు, ఊరి ముఖాలతో జూదమాడే హక్కు అంతకన్నా లేదు. దారి ఒకటే. ఖాళీ డిస్కుకు హద్దులు గీసి, జత చేసి, ఫోటోలన్నీ దాంట్లోకి ఎక్కించాలి. ఎక్కేదాకా ఈ డబ్బా ఆగకూడదు. ఈసారి డిస్కు ముఖాన పసుపు తుడిచి, అంకె చూసి, అచ్చువేసిన నంబరు కూడా తెర మీది నంబరుతో పోల్చి చూసుకుని మరీ జత చేసింది. ఫోటోలు ఎక్కడం మొదలైంది. పాత డబ్బా కాబట్టి నత్తనడక నడుస్తోంది. సందెపొద్దుకు ముగియదని లెక్క చూడకుండానే అర్థమైంది.

అనుకున్నట్లే పొద్దు వాలింది, సగం కూడా కాలేదు. కింద పీట వేసి, ముగ్గు పెట్టి, లక్ష్మి పటానికి బంతిపూల మాల వేశారు. ప్రింటు మిషను ఆపేశారు, కంప్యూటర్లు ఆపేశారు. పట్టుపంచె కట్టుకుని రామకోటయ్య మెట్లెక్కి పైకి వచ్చాడు. సర్వర్ లైటు మిణుకుమంటోంది, ఫ్యాను గుయ్యిమంటోంది.

“పాపా, ఆ డబ్బా ఆపు. పూజ టైమైతాంది” అన్నాడు.

“ఆపను పెద్దాయనా.”

ఆ ఇంట్లో ఆయనకు అట్లా ఎదురు చెప్పినవాళ్ళు లేరు. రాఘవేంద్రప్రసాద్ పరుగెత్తుకు వచ్చాడు. దాసన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. శివలీల దాచుకోలేదు. జరిగిందంతా చెప్పింది. చెరిపింది తానేననీ, ఇప్పుడు ఆపితే ఏమవుతుందో తెలియదనీ చెప్పింది. డిస్కులు తీసి తుడిచింది నేనే కదా, తప్పు నాదే అని దాసన్న ఏదో అనబోతే, నువ్వు ఊరుకో దాసన్నా, మూత బిగించకుండా పోయింది నేను అని నోరు మూయించింది. రాఘవేంద్రప్రసాద్ ముఖంలో కోపమూ భయమూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. రామకోటయ్య ముఖంలో కోపం ఒక్కటే ఉంది.

“మా నాయన కాలం నుంచి ఈ ఇంట్లో పూజకు ఏ యంత్రమూ తిరగలేదు” అన్నాడాయన, స్విచ్చు వైపు అడుగువేస్తూ.

శివలీల లేచి స్విచ్చుకు అడ్డంగా గోడకు వీపు ఆనించి నిలబడింది.

“మీ నాయన కాలంలో ఇన్ని నీళ్ళు కూడా రాలేదు పెద్దాయనా. ఊళ్ళో సచ్చిపోయినోళ్ళు, పెండ్లయినోళ్ళు, పుట్టినోళ్ళు అందరూ దీంట్లోనే ఉండారు. ఏట్లోంచి మిగిల్నోళ్ళు వీళ్ళే. నేను తప్పు చేసినాను, కాదన్లా. పూజయినాక పన్లోంచి తీసేయండి, పోతా. అంతవరకు మాత్రం ఎవుర్నీ దీన్ని ముట్టనియ్యను.”

ఆమె గొంతు పెంచలేదు.  పెద్దాయన చెయ్యి స్విచ్చుకు జానెడు దూరంలో ఆగింది. ఆడపిల్లను పక్కకు నెట్టి స్విచ్చు ఆపడం ఆయన మర్యాదకు కుదరదు, నెట్టకుండా స్విచ్చు అందదు.  ముహూర్తం మించిపోతుందని కింది నుంచి పిలుపు వచ్చింది. రామకోటయ్య వెనుదిరిగి మెట్లు దిగాడు. ఆ దిగడంలో ఎంత అవమానం ఉందో చూసినవాళ్ళకు తెలుసు. శివలీలకూ తెలుసు. జాలేసింది, అయినా గోడ వదల్లేదు.

కింద గంట మోగింది. మంత్రాలు వినబడ్డాయి. ఆ మధ్యలో కరెంటు ఒక్కసారి ఊగింది, యూపీఎస్ కుయ్యిమని మూలిగి ఊరుకుంది. శివలీల ఆ క్షణంలో ఏ దేవుడికి మొక్కిందో ఎవరికీ చెప్పలేదు. హారతి పళ్ళెం అన్ని గదులకూ వచ్చింది. ప్రింటు మిషనుకు చూపారు, కెమెరాలకు చూపారు. సర్వర్ గది దాటి వెళ్ళిపోయింది. హారతి లేకపోతే పోయింది అనుకుంది శివలీల. వీధిలో టపాకాయలు పేలుతుండగా తెర మీద రెండు డిస్కులూ ఒక్కటైనట్లు కనబడింది. అప్పుడు కూర్చుంది, కూర్చున్నాక ఏడ్చింది.

మర్నాడు మొదటి డిస్కును విడదీసింది. తాను తొందరపడి గీసిన గీతలే దానికి కావలసిన గీతలు. చేయాల్సిన పనే చేసింది, వరస తప్పి చేసింది, అంతే. దాన్ని మళ్ళీ జత చేసి, జతను చివరిదాకా పెంచి, దాని మీద ఫోటోల చోటునూ సాగదీసింది. చోటు రెట్టింపైంది, ఒక్క ముఖమూ పోలేదు. పనిలోంచి ఎవరూ తీసేయలేదు. మెచ్చుకున్నదీ లేదు. పెద్దాయన ఆమెతో మాట్లాడడం మానేశాడు, ఆమె మాత్రం ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెట్టడం మానలేదు.

ఏసన్న వచ్చాడు, సిద్దమ్మను తీసుకుపోయాడు. అదే రోజు శివలీల ఎవరినీ అడగకుండా ఒక అట్ట మీద రాసి మెట్ల కింద కట్టింది. ఏట్లో ఫోటోలు పోయినవాళ్ళు రండి, పేరు చెబితే చాలు, వెదికి ఇస్తాం. పాతబస్తీ నుంచి వచ్చారు, హంద్రీ ఒడ్డు నుంచి వచ్చారు. పెండ్లిలో తప్ప ఎన్నడూ ఫోటోకు నిలబడని ముసలమ్మలు తమను తాము చూసుకోవడానికి వచ్చారు. మెట్ల మీద కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. గిరాకీ వస్తుంటే రాఘవేంద్రప్రసాద్ అట్టను పీకలేకపోయాడు. కానీ వ్యాపారి బుద్ధి ఊరుకోదు కదా. జనం కాస్త పలచబడిన ఒక మధ్యాహ్నం మెల్లగా మాట కదిపాడు.

“ఇంగ ఎవురివి వాళ్ళకు అందినాయి కదా. అందినవి అందినట్లు తీసేస్తూ రా, మళ్ళా నిండకముందే.”

శివలీల తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

“తీసేయనన్నా” అంది. “మళ్ళా ఏరొస్తే ఎవుర్నడగాల వాళ్ళు?”